పెన్‌టెస్టింగ్ పరికరాలను మన పిల్లలకు ఏ వరుసలో నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనూ, విజయవాడలో బెంజి సర్కిల్, ఏలూరు రోడ్డు పరిసరాల్లోనూ గోడల మీద ఈ మధ్య ఒక రకం ప్రకటన తరచుగా కనిపిస్తోంది. 45 రోజుల్లో ఎథికల్ హ్యాకింగ్ నేర్పుతామని, పెన్‌టెస్టింగ్ (పెనెట్రేషన్ టెస్టింగ్, అంటే అనుమతితో చేసే చొరబాటు పరీక్ష) పరికరాలన్నింటి మీదా సాధన చేయిస్తామని, చివర్లో ధ్రువపత్రం ఇస్తామని అందులో ఉంటుంది. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం చదివే పిల్లలు వేలకు వేలు ఫీజు కట్టి ఈ శిక్షణలో చేరుతున్నారు. ఈ విద్య మన ప్రాంతంలోకి రావడం మంచిదే. దానికి ఉద్యోగాలూ ఉన్నాయి, అవసరమూ ఉంది. అయితే దాన్ని నేర్పుతున్న వరుస తలకిందులుగా ఉందని, దానివల్ల పిల్లలకూ, వారి పనిని నమ్ముకునే సంస్థలకూ నష్టం జరుగుతోందని నాకు గట్టిగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 19 ఏళ్లపాటు కంప్యూటర్ నెట్‌వర్క్ నిర్వహణ చూశాను. ఉద్యోగం విరమించుకున్న తరువాత గుంటూరులో మా ఇంట్లోనే, సాయంత్రం పూట, కొద్దిమంది విద్యార్థులకు ఈ విషయం చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అంతకుముందే ఎక్కడో ఒకచోట శిక్షణ పొందినవారే. ఎన్‌మ్యాప్, నెస్సస్, బర్ప్ స్యూట్, మెటాస్ప్లాయిట్, ఎస్‌క్యూఎల్‌మ్యాప్ అనే పేర్లు, వాటికి ఇవ్వవలసిన ఆదేశాలు వారికి కంఠతా వచ్చు. పరికరాన్ని నడిపించమంటే క్షణాల్లో నడిపిస్తారు. లోపం ఉందంటూ తెర మీద ఎర్రటి అక్షరాలతో వచ్చిన ఒక వరుస చూపించి, ఇది నిజమేనని నీకెలా తెలిసిందని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. స్కానర్ (లోపాలను తనంతట తానే వెతికే పరికరం) చెప్పింది కదా అంటారు. తెలివికి లోటున్న పిల్లలు కారు వీళ్లు. ఆ ప్రశ్నను వారిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ రంగంతో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న మీదట, దొంగ ఏయే దారుల్లో రాగలడో ఆ దారుల్లో తానే వెళ్లి చూసి, వాటిని మూయడానికి ఏం చేయాలో నివేదిక రాసివ్వడమే పెనెట్రేషన్ టెస్టింగ్. ఇందులో యంత్రానికి అప్పగించదగిన చాకిరీ చాలా ఉంది. బయటివారితో మాట్లాడటానికి తలుపుల్లాంటి టీసీపీ పోర్టులే ఒక్క కంప్యూటర్‌కు 65,535 ఉంటాయి. వాటన్నింటినీ మనిషి చేత్తో తట్టి చూడటం జరిగే పని కాదు. ఇప్పటికే బయటపడిన లోపాలకు 1999 నుంచి సీవీఈ సంఖ్యలు కేటాయిస్తూ వస్తున్నారు. ఆ జాబితా ఎంత పెరిగిందంటే దాన్ని గుర్తుపెట్టుకోవడం ఏ నిపుణుడి వల్లా కాదు. అందుకే స్వయంచాలక పరికరాలు పుట్టాయి, వాటిని వాడి తీరవలసిందే.

ఆ పరికరాలు ఎలా పుట్టాయో కూడా విద్యార్థులకు చెప్పడం అవసరమని నా అభిప్రాయం. 1995లో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా కలిసి సాటన్ అనే స్కానర్‌ను విడుదల చేసినప్పుడు, ఇలాంటి దాన్ని అందరి చేతికీ ఇవ్వవచ్చునా అని పెద్ద వాదన నడిచింది. 1997 సెప్టెంబరులో గోర్డన్ లయన్ పోర్టులు వెతికే ఎన్‌మ్యాప్‌ను, 1998లో రెనో డెరైజన్ లోపాలు వెతికే నెస్సస్‌ను, 2003లో హెచ్.డి. మూర్ దొరికిన లోపం గుండా చొరబడి చూసే మెటాస్ప్లాయిట్‌ను బయటపెట్టారు. నెస్సస్ 2005లో మూల కోడ్ ఇవ్వడం మానేసినప్పుడు, దాని పాత కోడ్ ఆధారంగా ఓపెన్‌వాస్ అనే స్కానర్ వచ్చింది. 2013లో కాలీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చాక ఇలాంటి పరికరాలు వందల సంఖ్యలో, చాలావరకు ఉచితంగా, ఒకే చోట దొరుకుతున్నాయి. వీటిని రాసినవారు సాధారణంగా ఆ పనిని మొదట చేత్తో చేసి, విసుగెత్తేదాకా చేసి, ఇక దీన్ని యంత్రం చేయవచ్చునని తేల్చుకున్న తరువాత ప్రోగ్రాము రాసినవారు. పరికరం ఎక్కడ పొరబడగలదో వారికి తెలుసు. మన పిల్లలు ఆ మొదటి మెట్టు తొక్కకుండానే చివరి మెట్టు మీద నిలబడుతున్నారు.

నేను పాటించే వరుస చెబుతాను. మొదటి మూడు వారాలు స్కానర్ జోలికి వెళ్లనివ్వను. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు తీగ మీద ఏం వెళుతోందో వైర్‌షార్క్ అనే ప్రోగ్రాములో చూడమంటాను. ఒకటి పలకరించడం, రెండోది ఆ పలకరింపును అందుకుని బదులు పలకడం, మొదటిది సరేనని ముగించడం అనే మూడు అడుగులను వారు కళ్లారా చూడాలి. ఆ తరువాతే ఎన్‌మ్యాప్ నడిపించి, పక్కనే వైర్‌షార్క్ తెరిచి ఉంచమంటాను. అప్పుడు, స్కానర్ పలకరించి, బదులు రాగానే మూడో అడుగు వేయకుండా వెనక్కి తిరగడం వారికి స్వయంగా కనిపిస్తుంది. పోర్టు తెరిచి ఉంటే ఒక రకం బదులు, మూసి ఉంటే మరో రకం బదులు, మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుకుంటే చాలాసార్లు అసలు బదులే ఉండదు. ఈ మూడోదాన్ని మూసి ఉందని రాసేవారిని నేను ఎందరినో చూశాను. బదులు రాలేదంటే తలుపు లేదని అర్థం కాదని, మనకు తెలియలేదని మాత్రమే అర్థమని ఒకసారి తెర మీద చూసిన విద్యార్థి ఇక జన్మలో మరిచిపోడు. ఏ ఆదేశమూ ఇవ్వకపోతే ఎన్‌మ్యాప్ అన్ని పోర్టులనూ చూడదని, ఎక్కువగా వాడుకలో ఉన్న 1,000 పోర్టులను మాత్రమే చూస్తుందని కూడా చాలామందికి తెలియదు. మొత్తం చూశామని నివేదికలో రాసేస్తారు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి. కిందటేడు విజయవాడ ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారి, తన ఆన్‌లైన్ బిల్లింగ్ వ్యవస్థకు బయటివారితో పరీక్ష చేయించుకుని, ఆ నివేదిక అర్థం కాక నా దగ్గరికి తెచ్చారు. అది 312 పేజీలుంది. స్కానర్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు అచ్చువేసి, పైన సంస్థ చిహ్నం అంటించి, కింద సంతకం చేసి ఇచ్చారు. మొదటి పేజీల్లోనే వెబ్ సర్వర్‌లో అతి ప్రమాదకరమైన లోపాలు తొమ్మిది ఉన్నాయని, పదికి తొమ్మిది పైచిలుకు తీవ్రత అని రాసి ఉంది. ఆయన భయపడిపోయి సర్వర్ మొత్తం మార్పించడానికి సిద్ధపడ్డారు. నేను చూస్తే, స్కానర్ చేసిందల్లా సర్వర్ చెప్పుకున్న వెర్షన్ సంఖ్యను చదివి, ఆ సంఖ్యకు ఉన్న లోపాలన్నింటినీ ఏకరువు పెట్టడమే. ఆ సర్వర్ డెబియన్ లినక్స్ మీద నడుస్తోంది. డెబియన్, రెడ్ హ్యాట్ వంటి పంపిణీలు (లినక్స్‌ను కూర్చి అందించే రకాలు) ఒక విడుదల కొనసాగినంత కాలం సాధారణంగా పాత వెర్షన్‌నే ఉంచుతూ, కొత్త వెర్షన్లలోని భద్రతకు సంబంధించిన సవరణలను మాత్రం వెనక్కి తెచ్చి అందులో కలుపుతాయి. పైకి కనిపించే ప్రధాన సంఖ్య మారదు. ప్యాకేజీ మార్పుల చరిత్ర తెరిచి చూస్తే ఆ తొమ్మిది లోపాలూ ఎప్పుడో సరిచేసి ఉన్నాయి. ఇది తేల్చుకోవడానికి నాకు అరగంట పట్టింది. నివేదిక రాసినవారు ఆ అరగంట వెచ్చించలేదు.

ఆటోనగర్ మాట వచ్చింది కాబట్టి అక్కడి మెకానిక్ షెడ్లలో నేను చూసినది ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు అక్కడ కూడా బండికి తగిలించే స్కానర్లు వచ్చాయి. తగిలించగానే ఫలానా సెన్సర్ అని ఒక కోడ్ చూపిస్తుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు వెంటనే సెన్సర్ మార్చాలంటాడు. ముప్ఫయ్యేళ్లు చేయి తిరిగిన మేస్త్రీ మాత్రం ముందు ఆ సెన్సర్‌కు వెళ్లే తీగ పట్టుకుని చివరిదాకా తడిమి చూస్తాడు, ఎలుక కొరికిందేమో, తుప్పు పట్టిందేమో అని. కోడ్ ఆయనకు తీర్పు కాదు, ఎక్కడ చేయి పెట్టి వెతకాలో చెప్పే ఆనవాలు. మన కంప్యూటర్ విద్యార్థులకు ఆ మేస్త్రీ పద్ధతి రావాలని నా తాపత్రయం.

అదే వ్యాపారి వ్యవస్థలో నిజమైన లోపం ఒకటుంది, అది ఆ 312 పేజీల్లో ఎక్కడా లేదు. ఒక ఖాతాదారు తన బిల్లు తెరిచినప్పుడు చిరునామా పట్టీలో బిల్లు సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్యలో చివరి అంకె మారిస్తే పక్క ఖాతాదారు బిల్లు తెరుచుకుంటోంది. అందులో అతని పేరు, ఫోన్ నంబరు, జీఎస్‌టీ సంఖ్య, ఏ ధరకు కొన్నాడో అంతా ఉంది. స్కానర్ దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, దాని దృష్టిలో పేజీ అడిగింది, పేజీ వచ్చింది, సర్వర్ ఎక్కడా తడబడలేదు. ఆ బిల్లు ఎవరిదో, ఎవరు చూడవచ్చునో, ఎవరు చూడకూడదో అన్నది వ్యాపారానికి సంబంధించిన జ్ఞానం. రెండు వేర్వేరు ఖాతాలతో లోపలికి వెళ్లి పోల్చి చూడాలన్న ఆలోచన మనిషికి రావాలి. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన ముప్పుల జాబితాలో మొదటి స్థానం, ఎవరికి దేన్ని చూసే హక్కు ఉందో సరిగా అమలు చేయకపోవడానికే దక్కింది. అంటే జాబితాలో అన్నింటికంటే పైనున్న లోపం దగ్గరే మన పరికరాలు ఎక్కువగా చేతులెత్తేస్తున్నాయి. మార్కుల జాబితాలు, హాల్‌టికెట్లు, రోగుల పరీక్ష ఫలితాలు ఆన్‌లైన్‌లో ఇచ్చే చోట్లన్నీ ముందుగా చూసుకోవలసినది దీన్నే.

పరికరాలు చూపనివాటి సంగతి అలా ఉంచితే, తెలియక నడిపినప్పుడు అవి చేసే హాని మరొకటి ఉంది. ఇందులో నా తప్పే చెప్పుకుంటాను. 2016లో మా ఆసుపత్రి యాజమాన్యం అనుమతితో నేను తొలిసారి లోపలి నెట్‌వర్క్ అంతటినీ ఒక స్కానర్‌తో పరీక్షించాను. పగటిపూట, ఓపీ నడుస్తున్న సమయంలో మొదలుపెట్టాను. పది నిమిషాల్లో మూడు అంతస్తుల్లోని ప్రింటర్లు అర్థంలేని అక్షరాలతో కాగితాలు కక్కడం మొదలుపెట్టాయి. చాలా ప్రింటర్లు 9100 పోర్టుకు ఏది వచ్చినా అచ్చువేయవలసినదేనని అనుకుంటాయి. అందుకే వెర్షన్ కనుక్కునేటప్పుడు ఆ పోర్టును ఎన్‌మ్యాప్ తనంతట తానుగా వదిలేస్తుంది. నేను వాడిన పరికరంలో ఆ జాగ్రత్తను నేనే పెట్టవలసి ఉంది, పెట్టలేదు. అంతకంటే బాధాకరమైన సంగతి, రక్తపరీక్షల ల్యాబ్‌లో ఒక పాత యంత్రానికి అనుసంధానమైన కంప్యూటర్ ఆ తాకిడికి నిలిచిపోయి, 40 నిమిషాలపాటు ఫలితాలు ఇవ్వలేకపోయారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా రక్తం ఇచ్చి, ఫలితం కోసం బల్లల మీద కూర్చున్న వృద్ధులను నేను ఆరోజు చూశాను. ఏ యంత్రాన్ని ముట్టకూడదో ముందే రాసుకోవాలని, వేగం తగ్గించాలని, రాత్రిపూట చేయాలని, ల్యాబ్‌వారికి ఒక మాట చెప్పి ఉంచాలని నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

ఇలాంటివి ప్రతి పరికరంలోనూ ఉన్నాయి. వెబ్‌సైట్‌లోని లంకెలన్నీ తొక్కుకుంటూ పోయే స్కానర్‌కు నిర్వాహకుడి ఖాతా ఇచ్చి వదిలితే, తొలగించు అని ఉన్న లంకెను కూడా మిగతావాటిలాగే తొక్కుతుంది. సంప్రదింపు ఫారం కనిపిస్తే వందల సార్లు నింపి పంపుతుంది. డేటాబేస్ లోపాలు వెతికే ఎస్‌క్యూఎల్‌మ్యాప్‌లో రిస్కు స్థాయిని 3కు పెంచితే, అది వాడే కొన్ని పరీక్షలు రికార్డులను సవరించే ఆదేశంలోకి చొరబడినప్పుడు ఆ పట్టికలోని వరుసలన్నీ ఒక్కసారిగా మారిపోవచ్చు. ఈ హెచ్చరిక ఆ పరికరం సూచనల పుస్తకంలోనే ఉంది. ఎక్కువ స్థాయి పెడితే ఎక్కువ లోపాలు దొరుకుతాయని మాత్రం శిక్షణలో నేర్పుతున్నారు.

ఇంత చెప్పినందుకు నేను స్వయంచాలక పరికరాలకు వ్యతిరేకినని ఎవరూ అనుకోకూడదు. 2017 మే 12న, శుక్రవారం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానక్రై అనే ప్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (సవరణ) ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని ఆ వారాంతంలో పత్రికల్లో చదివాం. శనివారం పొద్దున నేను ఆసుపత్రికి వెళ్లి, ముందు ఏడాది నేర్చుకున్న పాఠం ప్రకారం ల్యాబ్ యంత్రాలను మినహాయించి, అది చొరబడే 445 పోర్టు తెరిచి ఉన్న కంప్యూటర్లన్నింటి జాబితాను ఎన్‌మ్యాప్‌తో తీశాను. ఒక్కొక్క దాని దగ్గరికి వెళ్లి ప్యాచ్ ఉందో లేదో చూసి, లేనివాటికి వేసి, వేయడం కుదరనివాటిని నెట్‌వర్క్ నుంచి విడదీశాం. ఆదివారం రాత్రికి పని పూర్తయింది. ఆ జాబితా చేత్తో తయారు చేయవలసి వస్తే వారం పట్టేది. యంత్రం వేగంగా వెతికింది, మేం నడిచి వెళ్లి సరిచూశాం. ఈ రెండూ కలిసినప్పుడే ఆ విద్యకు విలువ.

చట్టం సంగతి ఇంకా స్పష్టంగా చెప్పవలసి ఉంది. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి ప్రవేశించినా, దాని పనికి అంతరాయం కలిగించినా నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. అదే పనిని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నేర్చుకోవడానికే చేశానన్న మాట 43వ సెక్షన్ నుంచి తప్పించదు. నాకు తెలిసిన ఒక విద్యార్థి, శిక్షణలో నేర్పిన స్కానర్‌ను తన కళాశాల వెబ్‌సైట్ మీద రాత్రి పదింటికి నడిపించి నిద్రపోయాడు. మరునాడు హాల్‌టికెట్లు తీసుకునే రోజు. సైట్ తెరుచుకోలేదు. యాజమాన్యం పోలీసు కేసు పెడతామంటే, తెనాలి దగ్గరి పల్లె నుంచి అతని తండ్రి వచ్చి రెండు రోజులు ఆ కళాశాల వరండాలో నిలబడ్డాడు. చివరికి మన్నించి వదిలేశారు. ఆ కుర్రవాడికి హాని చేయాలన్న ఆలోచన లేదు. లోపం కనిపెడితే మెచ్చుకుంటారనుకున్నాడు. ఎవరి యంత్రం మీద నడపవచ్చునో, ఎవరిని అడగాలో, అడిగితే ఇచ్చే కాగితంలో ఏముండాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ కాగితంలో ఏయే చిరునామాలు పరీక్షించాలి, ఏయేవి ముట్టకూడదు, ఏ రోజు, ఏ వేళ, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఉండాలని నేను మొదటి రోజే నల్లబల్ల మీద రాయిస్తున్నాను. అనుకోకుండా ఎక్కడైనా లోపం కంటపడితే, దాన్ని తవ్వకుండా సైట్ నిర్వాహకులకో, దేశంలో ఈ బాధ్యత చూసే సెర్ట్-ఇన్ సంస్థకో తెలియజేయవచ్చునని కూడా చెబుతున్నాను.

ఇతరుల యంత్రాలు వద్దంటే సాధన ఎక్కడ చేయాలని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన కళాశాలల్లోనే, ఇప్పటికే ఉన్న కంప్యూటర్ ల్యాబుల్లోనే ఉంది. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు డెస్క్‌టాప్ మీద, ఒకే కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్లనే ఊహా కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, ఒక వర్చువల్ మెషిన్‌లో కాలీ లినక్స్, మరొక దానిలో లోపాలతోనే తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 పెట్టి, ఆ రెండూ ఒకదానితో ఒకటి తప్ప బయటి ప్రపంచంతో మాట్లాడకుండా నెట్‌వర్క్ అమర్చితే సరిపోతుంది. వెబ్ లోపాలకు డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్ అనే సాధన సైట్లు ఉన్నాయి. ఇవన్నీ ఉచితం. ఏదైనా పాడైతే ముందుగా తీసి ఉంచిన స్నాప్‌షాట్‌తో నిమిషంలో మొదటి స్థితికి తెచ్చుకోవచ్చు. బయటి యంత్రం మీద స్కాన్ చేసి చూడాలన్న కోరిక ఉంటే, ఎన్‌మ్యాప్ నిర్వాహకులే అందుకోసం ఒక సర్వర్ పెట్టి, రోజుకు కొన్ని స్కాన్లు చేసుకోవచ్చునని, వంద సార్లు మాత్రం చేయవద్దని దాని మీదే రాసి ఉంచారు. అనుమతి అంటే ఏమిటో, దానికి హద్దు ఎలా ఉంటుందో నేర్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఈ ల్యాబ్‌లో నేను చేయించే అభ్యాసం ఒకటుంది. స్కానర్ చూపిన లోపాల్లో అయిదింటిని తీసుకుని, ఒక్కొక్కటి నిజమో కాదో స్కానర్ సాయం లేకుండా నిరూపించాలి. మెటాస్ప్లాయిటబుల్ 2లో వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైల్ సర్వర్ ఉంది. 2011లో ఎవరో దాని అధికారిక డౌన్‌లోడ్‌లోనే దొంగదారి చొప్పించారు. మెటాస్ప్లాయిట్‌లో రెండు మూడు ఆదేశాలతో దానిలోకి వెళ్లడం ప్రతి శిక్షణలోనూ మొదటి పాఠం. నా విద్యార్థులు ఆ మెటాస్ప్లాయిట్ మాడ్యూల్‌ను తెరిచి, రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆ కొద్ది వరుసలూ చదివి, అది ఏం పంపుతోందో, సర్వర్ ఏం చేస్తోందో వాక్యాల్లో రాయాలి. తొలిసారి గంటన్నర పడుతుంది. రాసిన తరువాత వారి ముఖంలో వచ్చే వెలుగు చూడటానికే నేను ఈ పాఠాలు చెబుతున్నానేమో అనిపిస్తుంది.

ఆ తరువాత మరొకటి అడుగుతాను: యజమానికి తెలుగులో ఒక పేజీ. సాంకేతిక నివేదిక ఇంగ్లీషులో ఎలాగూ ఉంటుంది. కాని మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారికి, చిన్న నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టరుకు, చిట్‌ఫండ్ యజమానికి, ఏది దొరికింది, దానివల్ల ఎవరికి ఏ నష్టం, రేపు పొద్దున మొదట ఏం చేయాలి అన్నది వారి భాషలో చెప్పలేకపోతే ఆ పరీక్ష చేసి ప్రయోజనం ఏమిటి? ఆటోనగర్ వ్యాపారికి నేను రాసిచ్చిన పేజీలో ఉన్నది ఇంతే: మీ సర్వర్ మార్చనక్కరలేదు, బిల్లు తెరిచే ముందు ఆ బిల్లు ఆ ఖాతాదారుదేనా అని ప్రోగ్రాము చూడటం లేదు, ముందు అది సరిచేయించండి, అది పూర్తయ్యేదాకా ఆన్‌లైన్ బిల్లులు ఆపండి. ఆయన ఆ సాయంత్రమే ఆపించారు. తెలుగులో రాయమన్నప్పుడు విద్యార్థులు మొదట ఇబ్బంది పడతారు. తమకే అర్థం కానిదాన్ని ఇంగ్లీషు మాటల చాటున దాచడం కుదరదు కదా. ఆ ఇబ్బంది వల్లే వారు మళ్లీ వెనక్కి వెళ్లి చదువుతారు.

కృత్రిమ మేధ వచ్చేసింది, ఇక ఇదంతా అదే చేస్తుంది, చేత్తో సరిచూడటం ఎందుకని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా 2016 ఆగస్టులో లాస్‌వెగాస్‌లో, మనిషి చేయి పడకుండా యంత్రాలే లోపాలు కనిపెట్టి సరిదిద్దే పోటీ పెట్టింది. మేహెమ్ అనే వ్యవస్థ గెలిచి 20 లక్షల డాలర్ల బహుమతి పొందింది. అదే వారంలో దాన్ని మనుషుల జట్లతో పోటీకి నిలబెడితే చివరి స్థానంలో నిలిచింది. అప్పటికీ ఇప్పటికీ యంత్రాలు చాలా ముందుకు వచ్చాయి, ఇంకా వస్తాయి. అయితే యంత్రం రాసే నివేదిక ఎంత నమ్మకంగా, ఎంత చక్కటి భాషలో ఉంటే, అందులోని తప్పును పట్టుకోగల మనిషి అంత అవసరమవుతాడు. కింద సంతకం చేసేది మనిషి. తప్పు తేలితే సమాధానం చెప్పవలసినదీ మనిషే.

అందుచేత కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలల యాజమాన్యాలకు నా విన్నపం ఇది. మీ ల్యాబుల్లో పాతబడిన డెస్క్‌టాపులు పది పక్కన పెట్టి, పైన చెప్పినట్టు మూసిన నెట్‌వర్క్ ఒకటి ఏర్పాటు చేయండి. సాయంత్రం ఆరు దాటాక కూడా దాన్ని తెరిచి ఉంచండి. మీ సొంత వెబ్‌సైట్లను ఏడాదికి ఒకసారైనా మీ విద్యార్థులతో, అధ్యాపకుల పర్యవేక్షణలో, రాతపూర్వకమైన అనుమతితో పరీక్షింపజేయండి. శిక్షణ సంస్థల వారిని కోరేది ఒక్కటే: ధ్రువపత్రం ఇచ్చే ముందు, స్కానర్ చెప్పిన లోపాల్లో ఒకటి అబద్ధమని, స్కానర్ చెప్పని లోపం ఒకటి నిజమని విద్యార్థి స్వయంగా నిరూపించి చూపించాలన్న నియమం పెట్టండి. 45 రోజుల్లో అది కుదరకపోతే 90 రోజులు తీసుకోండి. చేర్చే ముందు తల్లిదండ్రులు ఈ ఒక్క ప్రశ్న అడగవచ్చు: మా పిల్లవాడు సాధన చేసేది ఎవరి యంత్రం మీద?

ల్యాబ్ అమర్చుకోవాలనుకునే కళాశాల ఏదైనా సరే, ఆదివారాల్లో వచ్చి వర్చువల్ మెషిన్లు వేసి, నెట్‌వర్క్ విడదీసి ఇవ్వడానికి నేను, నా పాత విద్యార్థులు నలుగురు సిద్ధంగా ఉన్నాం. దానికి రుసుము ఏమీ లేదు. నా చిరునామా మీ కార్యాలయానికి ఈ ఉత్తరంతోపాటు విడిగా పంపుతున్నాను, అడిగినవారికి ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత నెట్‌వర్క్ నిర్వాహకుడు,
బ్రాడీపేట, గుంటూరు.